నదుల వెంట మట్టి జాడ తీసిన మనిషి



వానాకాలము వచ్చిందంటే మాకు చేరే ఉత్తరాలలో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. “అయ్యగారూ, వరదలు, కరవులు దేవుని ఉగ్రత వల్లనే వస్తాయా?” అని. అడిగేవారు కాలక్షేపానికి అడగరు. గట్టు తెగి పైరు పోయినవారు, ఇసుక మేట వేసి చేను పాడైపోయినవారు అడుగుతారు. ఒక్క మాటలో జవాబు చెప్పడానికి మాకు భయము. యోబు స్నేహితులు అలాంటి జవాబులే తడుముకోకుండా చెప్పారు, చివరికి దేవుని కోపానికి వారే గురి అయ్యారు (యోబు 42:7). అయితే ఇదే ప్రశ్నను మోసుకొని, అది ఏ కొండ మీద మొదలవుతుందో చూద్దామని నది వెంట ఎగువకు నడిచి వెళ్లిన ఒక శాస్త్రజ్ఞుడు ఉన్నారు. ఆయన పేరు వాల్టర్ క్లే లౌడర్‌మిల్క్. ఈ నెల ఆయనను గూర్చి చెప్పుకుందాము.

ఆయన 1888లో అమెరికాలోని నార్త్ కెరొలినా రాష్ట్రములో పుట్టారు. చదువులో చురుకైనవాడు గనుక రోడ్స్ విద్యార్థి వేతనము మీద ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డుకు వెళ్లి అడవుల శాస్త్రము చదివారు. తిరిగి వచ్చి అమెరికా అటవీశాఖలో చేరారు. ఆ ఉద్యోగములోనే ఉండిపోతే మంచి జీతము, కొండగాలి, చివరికి పింఛను, అన్నీ సుఖముగా సాగిపోయేవి. కాని 1922లో ఇనెజ్ మార్క్స్ అనే ఆమెను పెండ్లి చేసుకున్నారు. ఆమె అంతకు ముందు చైనాలో మెథడిస్టు మిషనెరీగా పనిచేసి వచ్చిన స్త్రీ. చైనా ఆమె మనస్సులోనుండి పోలేదు. 1920–21లో ఉత్తర చైనాలో వచ్చిన కరవులో లక్షల మంది ఆకలితో చనిపోయి అప్పటికి ఎంతో కాలము కాలేదు. పెండ్లి అయిన ఆ యేడే భార్యాభర్తలిద్దరూ ఓడ ఎక్కారు. అమెరికా మిషన్లు కలిసి నడుపుతున్న నాన్‌కింగ్ విశ్వవిద్యాలయములో ఆయన అడవుల శాస్త్రము బోధించే ఉపాధ్యాయునిగా చేరారు. కరవులను ఎలా ఆపాలో వెదకడము ఆయనకు అప్పగించిన పని.

మొదట ఆయన హ్వాంగ్ హో నదిని చూడడానికి వెళ్లారు. దానినే పసుపు నది అంటారు, చైనా దుఃఖము అని కూడా అంటారు. 1855లో ఆ నది కట్టలు తెంచుకొని, అంతవరకు పారిన దారిని విడిచి, వందల మైళ్లు ఉత్తరముగా వేరే చోట సముద్రములో కలవడము మొదలుపెట్టింది. 1887 వరదలో సుమారు 9 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆయన వెళ్లి కట్ట మీద నిలబడ్డారు. ఒక ప్రక్క బురద నీళ్లు పరుగెత్తుతున్నాయి. రెండవ ప్రక్కకు తిరిగి చూస్తే ఊళ్లు, చేలు నదికంటే 40, 50 అడుగుల కింద ఉన్నాయి! నది నేల మీద పారడము లేదు, నేలకు పైన పారుతున్నది. మన గోదావరి గట్టు మీద నిలబడినవారికి కొంచెము అర్థమవుతుంది గాని, ఇది అంతకు ఎన్నో రెట్లు.

ఇలా ఎందుకు అయింది? నీళ్లు మోసుకొచ్చిన మట్టి నది అడుగున పేరుకుంటుంది. అడుగు లేచిన కొద్దీ నీళ్లు పొర్లుతాయి గనుక జనము కట్టను ఎత్తు చేస్తారు. మళ్లీ మట్టి పేరుకుంటుంది, మళ్లీ కట్ట ఎత్తు చేస్తారు. యంత్రాలు లేవు, ఇనుము లేదు. చేతులు, గంపలు, ఇంతే. వేల సంవత్సరాలుగా తాత తరువాత తండ్రి, తండ్రి తరువాత కొడుకు ఈ గంపలు మోశారు. ఇరవయ్యవ శతాబ్దపు మధ్యలో కొలిచిన లెక్క ప్రకారము ఆ నది సంవత్సరానికి 160 కోట్ల టన్నుల మట్టి మోసేది. పది టన్నుల లారీలలోకి ఎత్తితే 16 కోట్ల లారీలు కావాలి. ఒక్క సంవత్సరానికి!

లౌడర్‌మిల్క్ ఆ కట్ట మీద నిలబడి ఒక సంగతి గ్రహించారు. ఇక్కడ కట్ట ఎంత ఎత్తు చేసినా ప్రయోజనము లేదు. జబ్బు ఇక్కడ లేదు. ఈ మట్టి ఎక్కడనుండి వస్తున్నదో అక్కడికి వెళ్లాలి. కనుక ఆయన ఎగువకు బయలుదేరారు. షాన్షీ, షెన్షీ రాష్ట్రాలలో లోయెస్ అనే పసుపు మట్టి కొండలు ఉన్నాయి. ఎప్పుడో గాలి మోసుకొచ్చి పరచిన మెత్తని దుమ్ము అది. పిండిలాంటిది, పంటకు బంగారము. గాని పైన కప్పు పోతే వానకు నిలవదు. అడవులు కొట్టి, వాలు మీద దున్ని, గడ్డి మిగలకుండా మేపిన ఆ కొండలలో 600 అడుగుల లోతుగల గండ్లు పడి ఉన్నాయి. వాన వస్తే ఆ గండ్లనుండి దిగేది నీరు కాదు, జారుడు బురద.

అక్కడ ఆయన కంట పడిన ఒక దృశ్యము ఆయన జీవితకాలపు పరిశోధనకు పునాది అయింది. బోడి కొండల మధ్య ఒక్కొక్క చోట దట్టమైన పచ్చని అడవి కనిపించింది. దగ్గరకు వెళితే అవి బౌద్ధ దేవాలయాల అడవులు. సన్యాసులు కాపాడుకుంటూ వచ్చినవి. అదే వాన, అదే మట్టి, అదే వాలు. ఒక ప్రక్క గండ్లు, ఒక ప్రక్క చెట్లు. చైనాలో కరవులకు వాతావరణము ఎండిపోవడమే కారణమని ఆ రోజులలో పెద్ద పెద్ద పండితులు చెప్పేవారు. వానలు తగ్గి కొండలు బోడి అయితే గుడి చుట్టూ ఉన్న చెట్లు ఎలా బ్రదికాయి అని ఈయన అడిగారు. అడిగి ఊరుకోలేదు. గుడి అడవిలో కొంత నేలను, బోడి కొండ మీద కొంత నేలను కొలిచి, చుట్టూ అడ్డుకట్టి, కింద నీళ్లు పట్టే ఏర్పాటు చేశారు. వాన పడిన ప్రతిసారి ఎంత నీరు పారింది, ఎంత మట్టి కొట్టుకొచ్చింది అని తన విద్యార్థులతో కలిసి లెక్క వ్రాసుకున్నారు. అడవి నేల నీళ్లను ఇముడ్చుకుంది, బోడి నేల పారబోసింది. వినడానికి ఇది చిన్న సంగతిగానే ఉంటుంది. మన రైతు సోదరులు “ఇది మాకు తెలియదా” అంటారు కూడా. కాని తెలియడము వేరు, కొలిచి పండితుల ముందు పెట్టడము వేరు.

ఆ చెట్లను కాచినవారు క్రైస్తవులు కారు. ఈ మాట వ్రాయడానికి మాకు సంకోచము లేదు. సత్యమును సత్యముగానే చెప్పాలి. దేవుడు మనుష్యుని ఏదెను తోటలో ఉంచినప్పుడు రెండు పనులు అప్పగించారు, తోటను సాగు చేయడము ఒకటి, దానిని కాపాడడము రెండవది (ఆది. 2:15). మొదటి దాని మీద మనము ఎన్నో ప్రసంగములు చేసియున్నాము. రెండవ దాని మీద ఎన్ని చేశాము? మన పాత మిషను కాంపౌండులలో చింతచెట్లు, వేపచెట్లు గొడుగులాగా ఉండేవని పెద్దలు చెప్తారు. ఇప్పుడు కొన్ని చోట్ల ప్రహరీ ఉంది, సిమెంటు నేల ఉంది, దుకాణాల గదులు ఉన్నాయి, చెట్టు మాత్రము లేదు. సంఘ పెద్దలు నొచ్చుకోకూడదు గాని ఈ సంగతి ఒకసారి కమిటీలో పెట్టి మాట్లాడుకోవాలి.

1927 మార్చిలో నాన్‌కింగ్ నగరములో సైనికులు విదేశీయుల మీద పడ్డారు. విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షులు జాన్ విలియమ్స్ గారిని కాల్చి చంపారు. లౌడర్‌మిల్క్ కుటుంబము ప్రాణాలు దక్కించుకొని చైనా విడిచి వచ్చింది.

కాలిఫోర్నియా చేరి ఆయన మళ్లీ మొదలుపెట్టారు. ఈ సారి చేసిన ప్రయోగము మన ఇంట్లో పిల్లలకు కూడా చూపించవచ్చు గనుక కొంచెము వివరముగా చెప్తాము. పెద్ద తొట్లలో మట్టి నింపారు. కొన్నిటిలో పైన రాలిన ఆకులను ఉన్నవి ఉన్నట్టే ఉంచారు, కొన్నిటిలో ఆకులను కాల్చివేశారు. తరువాత పైనుండి జల్లులాగా కృత్రిమ వాన కురిపించారు. ఆకులున్న తొట్టిలో నీరు చాలావరకు ఇంకిపోయింది, పైన పారిన కొంచెము నీరు కూడా తేటగా ఉంది. ఆకులు లేని తొట్టినుండి ఎన్నో రెట్లు నీరు పారింది, దానితో మట్టి కూడా కొట్టుకొచ్చింది.

ఆకులు స్పంజిలాగా నీళ్లు పీల్చుకుంటాయి గనుక అలా జరుగుతుందని అందరూ అనుకునేవారు. ఆయన ఆ మాటతో తృప్తిపడలేదు. ఆకులు పూర్తిగా తడిసి ఇక ఒక్క చుక్క పీల్చలేని స్థితిలో కూడా కింది నేల నీటిని తాగుతూనే ఉంది మరి! అప్పుడు తేటనీటిని మట్టిలోకి ఇంకనిచ్చి వేగము కొలిచారు, తరువాత బురదనీటిని ఇంకనిచ్చి కొలిచారు. బురదనీరు పోసిన కొద్ది గంటలలోనే ఇంకే వేగము ఎంతగానో పడిపోయింది. ఏరునీళ్లను బట్టలో వడపోసే తల్లులకు ఇది తెలుసు. కాసేపటికి బట్ట కన్నాలలో నలక చేరి నీళ్లు దిగడము మానేస్తాయి. నేలకూ అంతే. వానచుక్క నేరుగా బోడి నేలను కొట్టినప్పుడు మట్టి చిట్లి నీళ్లలో కలుస్తుంది, ఆ సన్నని మట్టి నేల కన్నాలను పూడ్చివేస్తుంది, ఇక నేల నోరు మూసుకుపోతుంది. ఆకులు చేసే అసలు మేలు నీళ్లు పీల్చడము కాదు, వానదెబ్బ తాను కాచుకొని నేల నోరు తెరచి ఉంచడము. పారే నీటిని గూర్చి, మట్టిని గూర్చి ఆయన చెప్పిన అన్నిటిలోనూ మాకు ఇదే గొప్పగా తోచింది. వేసవిలో చేలలో చెత్త, మొదళ్లు తగలబెట్టే అలవాటు మన ప్రాంతాలలో ఇంకా ఉంది గనుక చెప్తున్నాము.

1930ల మొదట్లో అమెరికా మైదానాలలో దుమ్ము తుపానులు లేచాయి. ఆ ప్రభుత్వము 1933లో నేల కోత నివారణకు ఒక శాఖను స్థాపించింది, 1935లో దానిని శాశ్వతము చేస్తూ చట్టము చేసింది. హ్యూ బెన్నెట్ గారు దానికి అధిపతి, లౌడర్‌మిల్క్ ఆయనకు కుడిభుజము. ఆ కాలపు సంగతులు పెద్ద కథ, ఇక్కడ చోటు లేదు.

1938, 39 సంవత్సరాలలో ఆయనను ఆ శాఖవారు ఒక విచిత్రమైన పని మీద పంపించారు. వేల ఏండ్లు సాగు చేసిన పాత దేశాలకు వెళ్లి, అక్కడి నేల ఏమయిందో చూచి రమ్మన్నారు. కుటుంబముతో సహా కారులో ఐరోపా, ఉత్తర ఆఫ్రికా, పాలస్తీనా, లెబానోను, సిరియా, ఇరాకు దేశాలు తిరిగారు. బైబిలు చదివేవారికి ఆ ఊళ్ల పేర్లన్నీ తెలిసినవే. శిష్యులకు మొట్టమొదట క్రైస్తవులు అనే పేరు వచ్చిన అంతియొకయ ఉన్నది గదా (అపొ. 11:26), ఆ మహా పట్టణపు శిథిలాలను త్రవ్వినవారికి 28 అడుగుల మట్టి అడ్డు వచ్చిందని ఆయన వ్రాశారు. ఎగువ కొండల మీది నేలే దిగివచ్చి పట్టణాన్ని కప్పింది. ఆ ఎగువ కొండల మీదికి వెళితే వంద చచ్చిన పట్టణములు అనే చోటు ఉంది. రాతి ఇండ్లు, రాతి దేవాలయాలు నిలబడే ఉన్నాయి, గడపలు మాత్రము నేలకు మూడు నుండి ఆరు అడుగుల పైన ఉన్నాయి. ఇండ్లు పైకి లేవలేదు, చుట్టూ ఉన్న నేల పోయింది. మిగిలింది బండ. ఆ దేవాలయాలలో ఆరాధించినవారు మనవంటి విశ్వాసులే. దండెత్తి వచ్చినవారు చేసిన నాశనాన్ని బాగుచేసుకొని మళ్లీ కాపురముండవచ్చు, నేల పోయిన తరువాత ఏమి తిని ఉంటారు?

లెబానోను దేవదారులను చూడాలని ఆయన ఎంతో ఆశతో వెళ్లారు. సొలొమోను రాజు మందిరము కట్టించినప్పుడు 30 వేల మందిని వంతుల చొప్పున నెలకు 10 వేల మందిగా అక్కడికి పంపించిన సంగతి మనకు తెలుసు (1 రాజులు 5:13, 14). ఆ మహారణ్యములో ఆయనకు కనబడినవి నాలుగు చిన్న తోపులు. వాటిలో ఒక తోపులో సుమారు 400 చెట్లు ఉన్నాయి. అందులో 43 బహు ముసలివి, మిగిలినవన్నీ వాటి గింజలనుండి తరువాత మొలిచినవి. అవి ఎలా మొలవగలిగాయి? ఆ చెట్ల మధ్య మారోనైటు క్రైస్తవుల చిన్న గుడి ఉంది. తోపు చుట్టూ మేకలు దూరకుండా రాతిగోడ ఉంది. ఆ గోడకు 1876లో ఇంగ్లాండు విక్టోరియా రాణి సొమ్ము ఇచ్చింది. మందిరము కొరకు నరికిన అడవిలో ఒక చిన్న మందిరము నీడన చెట్లు మిగిలాయి. 1998లో ఆ లోయను, ఆ తోపును ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించారు.

1939 జూనులో యెరూషలేము రేడియోలో ఆయన ఒక ప్రసంగము చేశారు. మోషేకు ఈ దేశాల గతి ముందుగా కనబడి ఉంటే, నేలను నమ్మకమైన గృహనిర్వాహకునివలె చూచుకొని తరువాతి తరానికి చెడకుండా అప్పగించమని పదకొండవ ఆజ్ఞ కూడా ఇచ్చియుండేవాడని ఆయన భావము. ఆ మాట దేశదేశాలకు ప్రాకింది. బోధకునిగా మాకు ఇందులో ఒక చిక్కు ఉంది. దేవుని ఆజ్ఞలకు ఏమీ కలుపవద్దని ధర్మశాస్త్రమే చెప్తున్నది (ద్వితీ. 4:2). అయితే నిజానికి పదకొండవది కావాలా అనేది మా ప్రశ్న. దొంగతనము కూడదన్న ఆజ్ఞ ఉన్నది. పై చేనివాడు వాలు వెంబడి నిలువుగా దున్ని, నీళ్లన్నీ కింద చేనివాడి మీదికి వదలి, వాని పైరు మీద మేట వేయిస్తే అది ఏ ఆజ్ఞ కింద వస్తుంది? ఇంకా పుట్టని మనుమడి నేలను మనమే సముద్రము పాలు చేస్తే? తలిదండ్రులను గూర్చిన ఆజ్ఞలోనే దేశములో దీర్ఘాయువు అనే వాగ్దానము కలిసి ఉన్నది (నిర్గమ. 20:12). ఏడవ యేట నేలకు విశ్రాంతి ఇవ్వమన్న లేవీయకాండము 25వ అధ్యాయము ఉండనే ఉన్నది. లౌడర్‌మిల్క్ గారు మంచి మాటే చెప్పారు గాని, పాత పది ఆజ్ఞలలోనే ఆ పని ఉన్నదని మా నమ్మకము.

ఆయన చెప్పినదంతా వేదవాక్యమని కూడా మేము అనము. పాలస్తీనా నేల పాడైపోవడానికి మేకల మీద, మేకలు మేపుకొనే పేద అరబ్బు కుటుంబాల మీద ఆయన ఎక్కువ నింద మోపారని మాకు అనిపిస్తుంది. మన ఊళ్లలో కూడా అడవి పోతే మొదట గొర్రెల కాపరినే తిడతారు, లారీలలో కలప తోలినవాడు కనబడడు. తరువాతి శాస్త్రజ్ఞులు కొందరు ఆ లోయలలో పేరుకున్న మట్టిలో కొంత భాగము మనుష్యుల వల్ల కాక వాతావరణపు మార్పుల వల్ల వచ్చినదని చూపించారు. లోయెస్ కొండలు కూడా మనుష్యుడు ముట్టకపోయినా కొంత కోతకు గురి అయ్యేవే. నీళ్లు రాళ్లను అరగదీసి నేల మట్టిని కొట్టుకొనిపోతాయని యోబు కూడా చెప్పాడు గదా (యోబు 14:19). ఎంత వేగముగా అన్నదే ఆయన లెక్క. దేవుడు నియమించిన మెల్లని కోత ఒకటి, మనుష్యుడు తొందరపెట్టిన కోత ఒకటి అని ఆయన విడదీశారు. ఆ తేడా నేటికీ నిలిచి ఉంది.

ఇది మన ఇంటి సంగతి కూడా. మంజీరా నది మీద 1931లో పూర్తయిన నిజాంసాగరులో మొదట 29.72 టి.ఎం.సి.ల నీరు పట్టేది. 1973 నాటికి 11.8 టి.ఎం.సి.లకు దిగింది. మిగిలిన చోటంతా పూడిక. తరువాత నీటిమట్టము పెంచి కొంత సర్దుకున్నారు. రాయలసీమకు నీళ్లిచ్చే తుంగభద్ర జలాశయము మొదట 132 టి.ఎం.సి.లు పట్టేది, 2016 సర్వే నాటికి సుమారు 105. పోయిన ఆ 27 టి.ఎం.సి.ల చోటులో ఉన్న మట్టి ఎవరి చేలలోనిది? ఎగువ రైతుకు సారము పోయింది, దిగువ రైతుకు నీరు పోయింది.

మన పెద్దలకు దీనికి ఒక ఉపాయము తెలుసు. వేసవిలో చెరువు ఎండగానే బండ్లు కట్టి చెరువు మన్ను చేలకు తోలేవారు. కొట్టుకుపోయిన సారాన్ని తిరిగి ఇంటికి తెచ్చుకోవడమే అది. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ పేరున చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు ట్రాక్టర్లతో ఆ మన్నును చేలకు తోలుకున్నారు. అయితే తోలిన మన్ను మళ్లీ చెరువులోకి పోకుండా ఉండాలంటే గట్టు ఉండాలి, వాలుకు అడ్డముగా దున్నాలి. సంఘములో పై చేను, కింది చేను ఉన్న సహోదరులు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనము తీసుకుంటారు. గట్టు విషయములో మాత్రము మండలాఫీసు చుట్టూ తిరుగుతారు. గట్టు పని ఇద్దరూ కలిసి ఒక్క పూట చేస్తే అయిపోయేది.

లౌడర్‌మిల్క్ 1942లో మరల చైనాకు వెళ్లి అక్కడి ప్రభుత్వానికి సలహాలిచ్చారు. 1947లో ఉద్యోగము విరమించి, తరువాత ఇశ్రాయేలు దేశములో కొన్ని సంవత్సరాలు పనిచేశారు. 1974లో 85 యేండ్ల వయస్సులో కాలిఫోర్నియాలో కన్నుమూశారు. ఆయన చూచిన పసుపు నది మీద 1960లో సాన్‌మెన్‌షియా అనే పెద్ద ఆనకట్ట పూర్తయింది. ఎగువ కొండల సంగతి తేలక మునుపే కట్టినందున రెండేండ్లలోనే పూడిక అందులో పేరుకుపోయింది, ఆనకట్టనే మార్చి కట్టవలసి వచ్చింది. ఆ తరువాత అక్కడివారు కొండల మీదికి వెళ్లారు. వాలులను మెట్లు మెట్లుగా చెక్కారు, మేకలను కట్టివేశారు. 1999 నుండి ఏటవాలు చేలను విడిచి చెట్లు, గడ్డి పెంచే రైతుకు ప్రభుత్వమే గింజలు, డబ్బు ఇచ్చింది. ఆనకట్టల వల్ల కొంత, ఈ పని వల్ల కొంత, ఒకప్పుడు సంవత్సరానికి 160 కోట్ల టన్నుల మట్టి మోసిన నది 2000 తరువాతి సంవత్సరాలలో సగటున 30 కోట్ల టన్నుల లోపే మోస్తున్నది. ఎగువన కొన్ని చోట్ల ఇప్పుడు ఆ పసుపు నదిలో సంవత్సరములో ఎక్కువ నెలలు తేటనీరే పారుతున్నది.